మాలమూట్‌కి లాగడం నేర్పాలా, మాన్పించాలా?

మా బావ బెజవాడ పటమటలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాడు. పిల్లలు మారాం చేశారని ఉన్నిబంతిలాంటి కుక్కపిల్లని తెచ్చాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఉన్నిబంతి 38 కిలోలైంది, బావ కుడిభుజానికి ఫిజియోథెరపీ మొదలైంది, కుక్క మా ఇంటికి చేరింది. మాది కృష్ణకి ఇవతల, తాడేపల్లి. కాస్త పెరడుంది, వేపచెట్టుంది, నాలుగు అడుగులేస్తే కరకట్ట. కుక్క పేరు రాకీ. జాతి అలాస్కన్ మాలమూట్.

మొదటిరోజు గేటు తీసి బయటికి తీసుకెళ్ళాను అనలేను, అదే నన్ను తీసుకెళ్ళింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఒకటే పరుగు, నా ఎడమకాలి చెప్పు మురుక్కాలవలో, చేతిలో తాడు ఒరుసుకుపోయి ఎర్రటి చార. ఆ వారంలో సలహాలకి లోటు లేదు. హార్నెస్, అంటే మెడకి బదులు ఛాతీకీ ఒంటికీ తొడిగే పట్టీలు, వెయ్యమని ఒకరు. హార్నెస్ వేస్తే ఇంకా లాగడం నేర్చుకుంటుంది, జన్మలో వెయ్యొద్దని ఇంకొకరు. ముళ్ళ గొలుసు కడితే రెండురోజుల్లో దారికొస్తుందని ఒక పెద్దమనిషి. టైరు కట్టి గంటసేపు ఈడిపించు, ఒంట్లో పొగరు దిగుద్దని జిమ్‌కెళ్ళే కుర్రాడు. తమాషా ఏంటంటే వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, ఏదీ పూర్తిగా నిజమూ కాదు, అన్నీ కలిపి వింటే మాత్రం బుర్ర పాడవుతుంది.

చిక్కు విడదీసింది మా పెదనాన్న. ఆయనది సత్తెనపల్లి వైపు పల్లె, వయసులో ఉన్నప్పుడు ఒంగోలు గిత్తల్ని మేపి బండలాగుడు పోటీలకి తిప్పిన మనిషి. రాకీ నన్ను ఈడ్చుకుపోవడం అరుగు మీద కూర్చుని చూసి, చుట్ట తీసి పక్కన పెట్టి ఒకటే మాట అన్నాడు: "ఏందిరా అబ్బాయ్, మెడకి తాడేసి వెనక్కి గుంజితే అది ముందుకి లాగక ఏం చేసుద్దిరా? కాడి వేసినప్పుడు లాగాలి, ముకుతాడు పట్టుకున్నప్పుడు నడవాలి. రెండూ వేరని దానికి ఎవురు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అసలు సంగతి అదే.

ముందు అది ఎందుకు లాగుతుందో చూద్దాం. కుక్కని ఒక పక్కకి నెట్టినా గుంజినా దానికి ఎదురు తిరిగి బిగదీసుకోవడం దాదాపు ప్రతి కుక్కలోనూ కనిపించే గుణం. మనల్ని ఎవరైనా వెనకనుంచి తోస్తే పడిపోకుండా కాలు ఊని నిలబడతాం చూడండి, అలాంటిదే. ఈ గుణానికి కొన్ని వందల ఏళ్ళ ఎంపిక తోడైతే మాలమూట్ అవుతుంది. వాయవ్య అలాస్కాలో కోట్జెబ్యూ సౌండ్ తీరాన ఉండే మాలెమ్యూట్ జనం పేరే ఈ జాతికి వచ్చింది. వేటాడిన మాంసం, సామాను, గుడారాలు మంచు మీద మోయించడానికి వాళ్ళు పెంచుకున్న కుక్కలివి. లాగని కుక్కని ఆ చలిలో కూర్చోబెట్టి మేపేంత తిండి ఎవరికీ ఉండదు కదా, కాబట్టి లాగేవాటి పిల్లలే మిగిలాయి. 19వ శతాబ్దం చివర్లో బంగారం కోసం జనం ఉత్తరానికి ఎగబడినప్పుడు వీటికి గిరాకీ పెరిగి రకరకాల కుక్కలతో కలిపేశారు. మిగిలిన వాటిని జాగ్రత్తగా నిలబెట్టుకొస్తే 1935లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వేరే జాతిగా గుర్తించింది. 2010లో అలాస్కా దీన్ని రాష్ట్ర శునకంగా ప్రకటించింది. అంత చరిత్ర ఉన్న దాన్ని తెచ్చి పటమట సందులో "లాగకు" అంటున్నాం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన దగ్గర బొచ్చుండి తోక పైకి తిరిగిన ప్రతి కుక్కా 'హస్కీ'యే, కొంచెం లావుంటే 'మాలమూట్' అని రేటు పెంచి అమ్ముతారు. సైబీరియన్ హస్కీ మగది 20 నుంచి 27 కిలోలుంటుంది, మాలమూట్ మగదానికి ప్రమాణం 38 కిలోల చుట్టుపక్కల. హస్కీకి నీలికళ్ళు ఉండొచ్చు, మాలమూట్‌కి గోధుమరంగు కళ్ళే ఉండాలి, నీలికళ్ళుంటే ప్రదర్శనల్లో పక్కన పెట్టేస్తారు. హస్కీ తేలికపాటి బరువుతో దూరం, వేగం. మాలమూట్ ఎక్కువ బరువుతో నెమ్మదిగా, మొండిగా. ఒకటి మోటార్‌సైకిల్, ఇంకోటి ట్రాక్టర్ అనుకోండి. మీ ఇంట్లో ఏదుందో తెలిస్తే ఏం ఆశించాలో తెలుస్తుంది.

సరే, హార్నెస్ వేస్తే లాగడం నేర్చుకుంటుందా? నేర్పేది హార్నెస్ కాదు, ఫలితం. తాడు బిగిసి ఉండగా కూడా మనం ముందుకి అడుగేస్తే, లాగితే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్ళొచ్చని కుక్క నేర్చుకుంటుంది. మెడపట్టీతో అయినా అంతే, హార్నెస్‌తో అయినా అంతే. హార్నెస్ చేసేదల్లా లాగడాన్ని హాయిగా మార్చడం, ఎందుకంటే భారం గొంతు మీద కాకుండా ఛాతీ ఎముక మీద పడుతుంది. మెడపట్టీతో ఇంత బలమైన కుక్క లాగితే శ్వాసనాళం నొక్కుకుపోయి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుతుంది, అయినా లాగుడు మానదు. ముళ్ళ గొలుసు సంగతి ఇంక చెప్పక్కర్లేదు, అది నొప్పిని నేర్పుతుంది, నడకని కాదు. దానికితోడు ఎదురుగా ఊరకుక్క కనపడిన ప్రతిసారీ మెడలో ముళ్ళు దిగితే, ఊరకుక్క అంటే నొప్పి అని లెక్కకట్టుకుని మీద పడటం మొదలుపెడుతుంది.

కాబట్టి పెదనాన్న చెప్పిన దారే: ఒంటి మీద ఏముందో దాన్నిబట్టి పని. గిత్తని చూడండి, ముకుతాడు పట్టుకుని పదేళ్ళ మనవడు కాలవకి తీసుకెళ్తే తలొంచుకుని వెళ్తుంది, అదే గిత్త మెడమీద కాడి పడగానే వేరే జంతువైపోతుంది. కుక్క కూడా ఈ తేడా పట్టగలదు, కాకపోతే మనం కలగాపులగం చెయ్యకూడదు. మా ఇంట్లో నియమం ఇది: వెడల్పాటి మెడపట్టీ వేస్తే నడక, తాడు వదులుగానే ఉండాలి. లాగుడు హార్నెస్ వేస్తే లాగాలి, తాడు వదులు కావడమే తప్పు.

నడక నేర్పే పద్ధతి వినడానికి చాలా తేలిక, చెయ్యడానికి చాలా విసుగు. తాడు బిగిసిన క్షణం చెట్టులా నిలబడిపోవాలి. తిట్టకూడదు, వెనక్కి గుంజకూడదు. అది వెనక్కి తిరిగి చూసి తాడు సడలించగానే నడవాలి, పక్కన సరిగ్గా నడుస్తున్నంతసేపూ చేతిలోంచి ఉడకబెట్టిన కోడిముక్క అందుతుండాలి. మొదటివారం మా గేటు నుంచి మూడో ఇంటికి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు ఆగి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. ఇందులో అసలు ఇబ్బంది కుక్కతో రాదు, ఇంట్లోవాళ్ళతో వస్తుంది. నేను ఐదుసార్లు ఆగి, మా అబ్బాయి ఒక్కసారి పోన్లే అని లాగనిస్తే చాలు, రాకీ దృష్టిలో లాగడం అంటే లాటరీ టిక్కెట్టు, ఎప్పుడో ఒకసారి తగులుతుంది కాబట్టి కొంటూనే ఉంటుంది. లాగుడు తాత్కాలికంగా తగ్గాలంటే ఛాతీ ముందు కొక్కెం ఉండే నడక హార్నెస్ ఉంటుంది, లాగగానే కుక్క పక్కకి తిరిగిపోతుంది. అది మన చేతికి ఊరటే గానీ చదువు కాదు. దాన్నే వేసి టైరు కట్టకండి, భుజం పక్కకి మెలిపడుతుంది.

అన్నట్టు ఆ హార్నెస్‌ల గోల. పెట్‌షాపుకెళ్ళి 'లాగడానికి హార్నెస్' అంటే మెత్తటి దూది కుట్టి, వీపు మీద పిడి ఉన్న జాకెట్టు లాంటిది చేతిలో పెడతారు. దాని పట్టీ ఛాతీకి అడ్డంగా, సరిగ్గా భుజం కీలు కదిలేచోట పడుతుంది. ఆ కీలు మీద బరువేసి నడిపించడం అంటే మన మోకాలికి తాడు కట్టి మెట్లెక్కించడమే. లాగుడు హార్నెస్ ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా ఉండాలి, రెండు పట్టీలు మెడ అడుగున కలిసి ఛాతీ ఎముక మీదుగా కాళ్ళ మధ్యలోకి దిగాలి, భుజాలు రెండూ బయట స్వేచ్ఛగా ఆడాలి. కుక్క నిజానికి లాగదు, ఛాతీతో ఆ పట్టీని ముందుకి తోస్తుంది. ఎద్దు కూడా అంతేగా, కాడి మూపురానికి ఆనుతుంది కాబట్టి తోయగలుగుతుంది. కుక్కకి మూపురం లేదు, అందుకే ఈ కుట్టుపనంతా.

వెనకభాగంలో రకాలున్నాయి. పరుగుపందేల కుక్కలకి వీపు మీద పట్టీలు అడ్డంగా దాటుకుంటూ తోక మొదట్లో కలిసే రకం వేస్తారు. మనిషి నడుముకి బెల్టు కట్టుకుని కుక్కతో పాటు పరిగెత్తే క్రీడ ఒకటుంది, అందులో తాడు పైకి పోతుంది కాబట్టి పొట్టి హార్నెస్ నయం. బరువులు లాగే కుక్కకి వేసేది సరుకు హార్నెస్. దీని పక్కపట్టీలు డొక్కల వెంట వెనక్కి వెళ్ళి, వెనకకాళ్ళ వెనక ఒక అడ్డకర్రకి కలుస్తాయి, ఆ కర్ర మధ్యనుంచి తాడు కిందికి బరువు దగ్గరికి పోతుంది. అడ్డకర్ర ఉండటంవల్ల పట్టీలు కాళ్ళకి ఒరుసుకోవు, బరువు రెండు పక్కలా సమానంగా పడుతుంది. మన అరక చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఇలాంటిది మన ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? నాకు దొరకలేదు. ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు, సీటుబెల్టులు కుట్టే ఒకాయన దగ్గరికి ఫోన్లో బొమ్మ పట్టుకుని వెళ్ళాను. ఆయన బొమ్మనీ నన్నూ మార్చిమార్చి చూసి, "ఇది గుర్రానికా?" అన్నాడు. కుక్కకి అంటే నవ్వలేదు, ఎంత బరువు లాగుద్ది, కుదుపుగా లాగుద్దా నిదానంగానా అని అడిగాడు. అప్పుడే పనిమంతుడని తెలిసింది. ఒకటిన్నర అంగుళం నైలాన్ పట్టీ కోసి, కొసని లైటర్‌తో కాల్చి పీచు లేవకుండా బొటనవేలితో అదిమాడు. పట్టీలు కలిసేచోట చతురస్రంగా కుట్టి, దాని లోపల మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా కుట్టాడు. లాగినప్పుడు భారం ఒక వరస దారం మీదే పడకుండా నాలుగు పక్కలా పంచుకుంటుందట. అడ్డకర్రకి నీళ్ళ పైపు ముక్క. లోపలివైపు మెత్తకోసం దూది వద్దన్నాడు, తడిస్తే ఆరదని, పాత సీటుకవర్ల మెత్తగుడ్డ పెట్టాడు. మన ఉక్కలో ఆ సలహా బంగారం, తడి మెత్త కింద చర్మం పుండవుతుంది.

అయినా మొదటి హార్నెస్ పాడైంది, తప్పు నాదే. బొచ్చు మీదుగా కొలత తీసుకున్నాను. మాలమూట్‌కి బొచ్చు రెండు పొరలు, లోపల దట్టమైన ఉన్ని, పైన ముతక వెంట్రుక. లాగడం మొదలవగానే ఆ ఉన్ని అంతా అణిగిపోయి మెడ వలయం వదులై భుజం మీదకి జారింది. వారానికి చంకల దగ్గర వెంట్రుకలు రాలి గులాబీరంగు చర్మం బయటపడింది. రెండోసారి స్నానం చేయించి, బొచ్చు ఒంటికి అంటుకుని ఉన్నప్పుడు టేపు పెట్టాను. మూడు వేళ్ళ తేడా వచ్చింది. మెడ వలయం తల దగ్గర కష్టంగా దూరాలి, వేశాక రెండు వేళ్ళు పట్టాలి, తాడు వెనక్కి పట్టి లాగి చూస్తే గొంతు మీదకి రాకూడదు.

ఇక నేర్పడం. ముందు వయసు. బండలాగుడు పోటీల్లో గిత్తల్ని రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని విడగొడతారు, పన్ను చూసి వయసు కట్టి ఆ వయసుకి తగ్గ బండ పెడతారు. కుక్కకీ ఆ లెక్కే ఉండాలి. పెద్దజాతి కుక్కపిల్లల ఎముకల చివర ఎదిగే భాగాలు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతకుముందు బరువులు ఈడిపిస్తే కీళ్ళు దెబ్బతింటాయి. పైగా ఈ జాతికి తుంటికీలు సరిగ్గా కూర్చోని జబ్బు వచ్చే అవకాశం ఉంది, అందుకే బరువు కట్టేముందు తుంటికి ఎక్స్‌రే తీయించడం మంచిది. ఏడాదిలోపు పిల్లకి హార్నెస్ తొడగడం, విప్పడం, వెనక ఖాళీ తాడు నేలమీద సర్రుమంటుంటే బెదరకుండా నడవడం, ఇవి నేర్పితే చాలు. చాలా కుక్కలు బరువుకి భయపడవు, వెనకనుంచి వెంబడించే చప్పుడుకి భయపడతాయి. రాకీ మొదటిసారి స్కూటర్ టైరు వెంట రావడం చూసి పెరడంతా మూడు చుట్లు పరిగెత్తి, అదింకా వస్తూనే ఉందని నా వెనక దాక్కుంది. 38 కిలోలు, నా వెనక. తర్వాత వారం రోజులు ఆ టైరు పక్కనే అన్నం పెట్టాం.

తర్వాత మాటలు. ఉత్తరదేశాల్లో కుడికి 'జీ' అనీ, ఎడమకి 'హా' అనీ అంటారు, అవి గుర్రాల్ని, ఎడ్లని తోలినవాళ్ళ మాటలే కుక్కల బండికీ వచ్చాయి. బయల్దేరడానికి 'హైక్', ఆగడానికి 'వో'. మనకీ ఎడ్ల మాటలున్నాయి కదా, ఎడమవైపు ఎద్దు దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు, అవే పెడదామని నాకు గొప్ప ఉత్సాహం. 'దాపట' అన్నానో లేదో రాకీ గిర్రున తిరిగి నా దగ్గరికి వచ్చేసేది. ఎందుకంటే ఇంట్లో అందరం దాన్ని "దా దా" అనే పిలుస్తాం, అది రెండో అక్షరం దాకా ఆగదు. సరే పోనీ అని 'హా' పెట్టాను. మా ఆవిడ ఫోన్లో "హా, చెప్పు వదినా" అంటే చాలు, కుక్క ఎడమకి తిరిగేది. చివరికి ఎడమకి 'ఎడం', కుడికి 'వలప', బయల్దేరడానికి 'పద', ఆగడానికి 'ఓహో' దగ్గర స్థిరపడ్డాం. మాట ఏదైనా పర్లేదు, ఒకదానికొకటి చెవికి వేరుగా తగలాలి, ఇంట్లో రోజూ వాడే మాటల్లో కలవకూడదు.

వీటన్నిటికన్నా మన ఊళ్ళో ముఖ్యమైన మాట 'వదిలెయ్'. తెల్లవారుజామున కరకట్ట మీద వందగజాలకో ఊరకుక్కల గుంపు ఉంటుంది, ప్రతి గుంపుకీ ఒక హద్దు. మాలమూట్ మనుషులతో ఎంత స్నేహంగా ఉంటుందో, తనలాంటి మగకుక్కలతో అంత పేచీకోరు. కోడి, పిల్లి, మేకపిల్ల కనపడితే వేటగుణం లేస్తుంది. వాటిని చూసీ చూడనట్టు దాటిపోవడం విడిగా, దూరం నుంచి మొదలుపెట్టి, నెలల తరబడి నేర్పాల్సిందే. మాకు నాలుగు నెలలు పట్టింది, అది కూడా కుక్కల వరకే.

బరువు దగ్గరికొస్తే అంకెల మాయ మొదలవుతుంది. కుక్క ఐదువందల కిలోలు లాగింది, వెయ్యి కిలోలు లాగిందని వీడియోలు తిరుగుతుంటాయి. అబద్ధాలు కావు గానీ, అది చక్రాల బండి. నున్నటి నేలమీద మంచి చక్రాల బండిని కదులుతూ ఉంచడానికి దాని బరువులో నూటికి రెండు పాళ్ళ లాగుడు చాలు. అంటే 500 కిలోల బండికి దాదాపు 10 కిలోల లాగుడు. అదే 8 కిలోల కారు టైరుని ఇసుకలో ఈడిస్తే రాపిడివల్ల 5 కిలోల దాకా అవుతుంది. అంటే ఇసుకలో రెండు టైర్లు ఈడ్చేదీ, చదునైన నేలమీద అరటన్ను బండి నడిపించేదీ అటూ ఇటూగా ఒకటే పని. మన బండలాగుడు అసలు ఇంకో లోకం, పది క్వింటాళ్ళ రాయిని చక్రం లేకుండా మట్టిలో ఈడవాలంటే అందులో సగం బరువంత లాగుడు కావాలి, అందుకే రెండు గిత్తలూ మోకాళ్ళ మీదకి వచ్చేస్తాయి. కాబట్టి ఎన్ని కిలోలు అని అడిగేముందు, దేనిమీద అని అడగండి.

ఇంకో సంగతి, కదలని బరువుని కదిలించడమే కష్టం, కదిలాక తేలిక. అందుకని కుదుపుగా దూకే కుక్క కండరం పట్టేసుకుంటుంది, నాలుగుసార్లు కదలకపోతే నమ్మకం కోల్పోయి కూర్చుంటుంది. నేర్పాల్సింది బలం కాదు, ఒరుగు. ముందు తాడు బిగిసేదాకా ముందుకొచ్చి నిలబడాలి, తర్వాత 'పద' అనగానే తల కిందికి దించి మెల్లగా ఒరగాలి. కుక్కల బరువు పోటీల్లో 16 అడుగుల దూరం నిమిషంలో లాగాలి, తోలేవాడు కుక్కని తాకకూడదు, తిండి చూపించి పిలవకూడదు. పెదనాన్నకి ఈ సంగతి చెబితే, "మరి చర్నాకోల?" అన్నాడు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, "అయితే అది దానంతటది లాగాల్సిందే" అన్నాడు, కొంచెం మర్యాదగా.

బరువు పెంచడం కూడా నిదానమే. నేను స్కూటర్ టైరుతో నెలన్నర, తర్వాత కారు టైరు, దాన్ని దాటలేదు. టైరుకీ కుక్కకీ మధ్య రెండున్నర మీటర్ల తాడు, మధ్యలో కుదుపు మింగే సాగే ముక్క. చక్రాల బండి కొనమని ఎవరైనా అంటే వద్దంటాను. టైరు ఈడ్చే బరువు కాబట్టి కుక్క ఆగితే అదీ ఆగుతుంది, పల్లంలో వెనకనుంచి వచ్చి కాళ్ళకి కొట్టదు. బండికి బ్రేకు కావాలి, బ్రేకుకి మనిషి కావాలి, కరకట్ట మీద ఆటోలు ఎలా వస్తాయో మీకు తెలుసు.

ఇదంతా ఒక ఎత్తు, ఎండ ఒక్కటే ఒక ఎత్తు. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. కండరం పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో నాలుగోవంతు కూడా లాగుడుగా మారదు, మిగతాదంతా వేడి. అలాస్కాలో మైనస్ ఇరవైలో ఆ వేడి కుక్కకి వరం. ఇక్కడ ఆ వేడి ఎక్కడికి పోవాలి? కుక్కకి చెమట పాదాల దగ్గర తప్ప పట్టదు, నాలుక చాపి రొప్పి తడిని ఆవిరి చేసుకోవడమే దారి. గాలిలో అప్పటికే తడి నిండి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే తెల్లవారుజాము అనగానే చల్లగా ఉంటుందని మోసపోకూడదు, డిగ్రీలు తక్కువుండేదీ గాలిలో తేమ ఎక్కువుండేదీ ఆ వేళలోనే. చలిదేశాల్లో మంచు లేని నెలల్లో కుక్కల్ని బండికి కట్టేవాళ్ళు 15 డిగ్రీలు దాటితే చాలామంది ఆ రోజుకి ఆపేస్తారు. బెజవాడలో జనవరి తెల్లవారుజాము 17, 18 ఉంటే మనం మఫ్లర్లు చుట్టుకుంటాం. అంటే మన ఏడాది మొత్తంలో చల్లటి వేళ కూడా మామూలుగా వాళ్ళ లెక్కలో వేడే. ఈ ఒక్క మాట తలకెక్కితే టైరు గంటసేపు ఈడిపించమనే సలహా దానంతటదే రాలిపోతుంది.

నేను దీన్ని తెలివిగా నేర్చుకోలేదు. పోయిన ఫిబ్రవరి చివర్లో ఒకరోజు నిద్ర లేవడం ఆలస్యమై, ఏడున్నరకి రేవు దగ్గర ఇసుకలో టైరు కట్టాను. ఆరోసారి లాగుతుండగా నాలుక మామూలుగా కాకుండా కొస వెడల్పై అట్లకాడలా వేలాడింది. చూశాను, ఇంకొక్కసారి అనుకున్నాను. సగంలో ఇసుకలో పొట్ట ఆనించి పడుకుంది, పిలిస్తే లేవలేదు, చిగుళ్ళు ముదురు ఎరుపు. బాటిల్లో నీళ్ళు, ఏట్లో నీళ్ళు, అక్కడ బట్టలుతికే ఆవిడ బకెట్టు, అన్నీ పొట్ట కిందా తొడల మధ్యా పోస్తూ, లుంగీ విప్పి విసురుతూ పావుగంట. ఇంటికొచ్చి థర్మామీటర్ పెడితే అప్పటికి కూడా 40.4. కుక్కకి మామూలుగా 38.3 నుంచి 39.2 దాకా ఉంటుంది, 41 దాటితే లోపలి అవయవాలకి ముప్పు. డాక్టరుగారు చూసి, ముందు నీళ్ళు పోసి తర్వాత బయల్దేరడం మంచిపని అన్నారు. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యడం మాత్రం చెయ్యొద్దట, కాసేపటికి అదే దుప్పటై వేడిని లోపలే పట్టేస్తుంది. నీళ్ళు పోస్తూ ఉండాలి, గాలి తగలాలి, 39.5కి దిగాక ఆపాలి.

బొచ్చు గొరిగించెయ్యొచ్చుగా అని అందరూ అడుగుతారు. లోపలి ఉన్ని దువ్వి తీసెయ్యాలి, అది నిజంగా పని చేస్తుంది, సీజన్లో సంచెడు వస్తుంది. పైపొర గొరిగితే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, మళ్ళీ మునుపటిలా మొలుస్తుందన్న హామీ లేదు.

కాబట్టి మా క్యాలెండర్ ఇలా స్థిరపడింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు టైరు, తెల్లవారి నాలుగున్నరకి, నలభై మీటర్లు ఒకసారి, మధ్యలో పూర్తిగా రొప్పు తగ్గేదాకా విరామం, అలా ఆరుసార్లు, వారానికి మూడురోజులు. మిగతా ఏడాదంతా హార్నెస్ తొడిగి ఖాళీ తాడుతో ఎడం, వలప, పద, ఓహో. బరువుండదు, మాటలుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అదీ లేదు, ఫ్యాను కింద టైల్స్ మీద వాసన ఆటలు, డబ్బాల్లో తిండి దాచి వెతికించడం. మెదడుకి పని పెడితే ఒళ్ళు అలిసినంత అలుస్తుంది, నమ్మండి. పగటిపూట రోడ్డు మీదకి తీసుకెళ్ళాలనుకుంటే ముందు మీ అరచేతి వెనకభాగం తారుమీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు.

ఎవరైనా ఈ జాతి పిల్లని కొందామా అని అడిగితే, ఏసీ గది, తెల్లవారి నాలుగున్నర, ఏటా పది నెలలు దాని బలానికి తగ్గ పని పెట్టలేనన్న బాధ, ఈ మూడూ ఉంటేనే అంటాను. మా బావకి మొదటిదొక్కటే ఉంది.

మొన్న సంక్రాంతికి పెదనాన్న వచ్చినప్పుడు తెల్లవారుజామున రేవుకి తీసుకెళ్ళాను. హార్నెస్ తొడిగితే రాకీ తాడు బిగించి నిలబడింది, 'పద' అనగానే తల దించి ఒరిగింది, ఆరుసార్లూ నేను చెయ్యి వేయలేదు. హార్నెస్ విప్పి మెడపట్టీ వేసి తాడు పెదనాన్న చేతికిచ్చాను. కట్ట ఎక్కి, ఊరకుక్కల గుంపు దాటి, టీకొట్టు దాటి, తాడు వదులుగా ఊగుతూ ఆయన పక్కనే నడిచింది. మలుపు తిరిగాక చికెన్ షాపువాడు షట్టర్ ఎత్తాడు. ఈసారి చెప్పు పోయింది పెదనాన్నది.